నాలుగో వ్యాసం

మూడో ఫారం మంగళవారం పొద్దున పదకొండింటికి వచ్చింది. మమత దాన్ని చదివి, కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి, మళ్లీ వచ్చి కూర్చుని ఇంకోసారి చదివింది.

నాగర్‌కర్నూల్‌లోని నల్లమల మెడికల్ ట్రస్టు కాలేజీలో ఆమె లైబ్రేరియన్. కాలేజీ చిన్నది, లైబ్రరీ ఇంకా చిన్నది. అయితే ఆ లైబ్రరీలో ఒక గోడ నిండా నరాల జబ్బుల మీద వచ్చిన పాత జర్నళ్లున్నాయి. ముప్పై ఏళ్ల సంచికలు, ఎర్ర అట్టలతో బైండు చేసినవి. హైదరాబాదులో ఒక పెద్ద డాక్టరు చనిపోయాక ఆయన భార్య వాటిని లారీకెత్తి ఇక్కడికి పంపించింది. వాటిలో చాలావరకు ఇంటర్నెట్‌లో దొరకవు, దొరికినా డబ్బు కట్టాలి. అందుకని వనపర్తి నుంచి, గద్వాల నుంచి, కర్నూలు నుంచి కూడా కాలేజీలవాళ్లు మమతను అడుగుతుంటారు. ఫలానా సంపుటం, ఫలానా పేజీలు అని ఫారం పంపితే ఆ ఒక్క వ్యాసం స్కాన్ చేసి పంపిస్తుంది. పుస్తకమే కావాలంటే ఆర్టీసీ కార్గోలో వేస్తుంది. ఆమెకు కావలసినవి వాళ్లు పంపుతారు. ఏ లైబ్రరీ కూడా అన్నీ కొనలేదు కాబట్టి, ఒకరి దగ్గర లేనిది ఇంకొకరు సర్దుకుంటారు.

ఫారంలో చదివే మనిషి పేరు ఉండదు. పాఠకుడి నంబరు మాత్రమే ఉంటుంది. జబ్బుల గురించి ఎవరు ఏం చదువుతున్నారో బయటివాళ్లకు తెలియకూడదు. పంపేవాళ్లు ఎందుకని అడగకూడదు. మమతకు ఈ నియమం మీద గట్టి నమ్మకం. రెండేళ్ల కింద వనపర్తిలో లైబ్రేరియన్ల శిక్షణ జరిగితే ఈ ఒక్క మాట మీదే అరగంట మాట్లాడింది. ఆ రోజు ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నవాడు మహేశ్వర్. గద్వాలలోని నడిగడ్డ నర్సింగ్ కాలేజీ లైబ్రరీ అతనిది. అప్పటి నుంచి ఫోన్ స్నేహం. నెలకు నాలుగైదు ఫారాలు పంపుతాడు, ప్రతిదాని కింద ఏదో ఒక జోకు రాస్తాడు. ఈ నెలలో మాత్రం జోకుల్లేవు.

మొదటి ఫారం మామూలుదే. నడివయసులో కాళ్లూ చేతులూ తమంతట తాము కదలడం గురించి. రెండోది వారం తర్వాత వచ్చింది. హంటింగ్టన్ జబ్బున్న కుటుంబాల మీద ఒక సర్వే. మమత డాక్టరు కాదు, కానీ పంపేముందు పేజీలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంటుంది, అలా చూస్తూ చూస్తూ చదివేస్తుంది. ముప్పై అయిదు, నలభై ఏళ్లకు మొదలయ్యే జబ్బు. ఒళ్లు ఆడుతూనే ఉంటుంది, కోపం పెరుగుతుంది, మతి తగ్గుతుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో ఒక్కొక్కరికీ రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం. బాగుచేసే మందు లేదు.

మంగళవారం వచ్చిన మూడోది, రక్తపరీక్ష గురించి. జబ్బు రాకముందే అది వస్తుందో రాదో తెలుసుకోవడం మంచిదా, తెలుసుకున్నవాళ్లు ఆ తర్వాత ఎలా బతికారు అని. మూడు ఫారాల మీదా ఒకటే నంబరు. నలభై ఒకటి.

మమత స్కాన్ చేసింది. పంపేముందు మహేశ్వర్‌కు ఫోన్ చేసింది.

"సార్, ఈ నలభై ఒకటి ఎవరు? చదువుకునే పిల్లలా, సారోళ్లా?"

"మేడం, మీరే గదా చెప్పింది. అడగొద్దు, చెప్పొద్దు అని."

"అది నిజమే సార్. కాని మూడూ ఒకటే జబ్బు మీద. నాకు మనసున పడ్తలేదు."

"పిల్లలకు సెమినార్లు గిట్ల ఉంటయి మేడం. దానికోసమే అయితుండొచ్చు." వెంటనే మాట మార్చాడు. "పంపిస్తరు గదా?"

"పంపిస్త. ఎప్పుడన్న ఆపిన్నా?"

పంపించింది. కానీ ఆ రోజంతా ఆమెకు పని మీద మనసు నిలవలేదు. కార్డులు సర్దబోయి సగంలో వదిలేసింది. నలభై ఒకటి ఒక ఆడపిల్ల అనుకుంది. ఎందుకనుకుందో తెలియదు. నర్సింగ్ కాలేజీ కదా, హాస్టల్లో ఉండే ఇరవై ఏళ్ల పిల్ల. ఇంటి దగ్గర తండ్రికి చేతులు ఆడుతున్నాయి. పిల్ల సెలవులకు పోయి చూసి వచ్చింది. క్లాసులో టీచరు ఆ జబ్బు పేరు చెప్పగానే గుండె జారిపోయి ఉంటుంది. ఇట్లా ఒక్కో ముక్కా కలుపుకుంటూ పోయింది మమత. సాయంత్రానికి ఆ పిల్లకు ఒక ముఖం కూడా వచ్చేసింది.

గురువారం మధ్యాహ్నం మూడున్నర దాటాక నాలుగో ఫారం వచ్చింది. అదే నంబరు. ఆ జబ్బున్న ఇళ్లలో తమ ప్రాణం తామే తీసుకున్నవాళ్ల గురించి ఒక వ్యాసం కావాలని.

మమత ఆ సంపుటం తీసి బల్ల మీద పెట్టింది. పేజీ తెరిచింది. స్కానర్ మూత ఎత్తి, మళ్లీ దించేసింది. ఉద్యోగంలో చేరి ఎనిమిదేళ్లయింది. అడిగిన కాగితాన్ని ఆమె ఆపడం ఇదే మొదటిసారి. ఆపడం తప్పు. పంపడం కూడా తప్పేనేమో. రెండు అరల మధ్య అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగి, తాళం వేసి, మానసిక వైద్యం చూసే సరిత డాక్టరమ్మ గదికి పోయింది.

ఓపీ అయిపోయి, డాక్టరమ్మ టీ తాగుతోంది. మమత నిలబడే అంతా చెప్పింది. పేరు తెలియదు, తెలుసుకోకూడదు అని రెండుసార్లు చెప్పింది.

"చదివేటోళ్లందరు చచ్చిపోదామనే చదవరు మమతా," అంది సరిత. "ఇంట్ల ఎవరి గురించో భయపడి చదవొచ్చు. నువ్వన్నట్టు సెమినార్ కోసం గూడ చదవొచ్చు."

"గట్లయితే పంపాల్నా?"

"పంపు. కాని ఒట్టి కాగితం పంపి ఊకుండకు. ఎవరన్న ఒక మనిషి పొయ్యి ఆ మనిషితోని మాట్లాడాలె."

"మాట్లాడి ఏమంటం మేడం? చావాలనుందా అని అడుగుతమా? లేని ఆలోచన లేపినట్టు గాదా?"

"కాదు. అందరు అదే అనుకుంటరు. సూటిగ అడిగితే ఎవరికీ కొత్తగ ఆ ఆలోచన పుట్టదు. ఉన్నోళ్లకు జర బరువు దిగుతది. మీ గద్వాల సారుకు చెప్పు, అడగమను. నా నంబర్ ఇయ్యి. ఏ టైముకన్న చెయ్యమను."

మమత మహేశ్వర్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. మూడోసారి కట్ అయింది. 'సార్, నాలుగోదాని గురించి మాట్లాడాలె, జర ఫోన్ చెయ్యండి' అని మెసేజ్ పెట్టింది. నీలిరంగు గీతలు పడ్డాయి. చదివాడు. జవాబు లేదు.

ఇంటికి పోయి కూర చేస్తూ ఉప్పు రెండుసార్లు వేసింది. భర్త విజయ్ కరెంటాఫీసులో లైన్‌మన్. ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా నీళ్లు తాగాడు.

"ఏందో చెప్పరాదు," అన్నాడు.

చెప్పింది.

"రేపు పోత గద్వాలకు," అంది చివర.

"పొయ్యి ఏమంటవ్? ఎవరో తెల్వదంటివి."

"మహేశ్వర్ సార్‌కు తెలుసు గదా. నాకు చెప్పకుంటే మాయె. ఆయన్నే పొయ్యి ఆ పిల్లతోని మాట్లాడమంట. ఆయన మాట్లాడేదాక ఆడనే కూసుంట."

"ఫోనెత్తనోడు ఇంటికొస్తే ఊకుంటడా?"

"ఊకోకుంటే తిడ్తడు. తిట్టనీ."

శుక్రవారం సెలవు పెట్టి, నాలుగో వ్యాసం కాపీని కవర్లో పెట్టుకుని, ఏడింటి బస్సెక్కింది. బిజినేపల్లి దాకా సీటు దొరకలేదు. దొరికాక కూర్చోబుద్ధి కాలేదు. వనపర్తిలో దిగి గద్వాల బస్సు కోసం ముప్పావు గంట ఎదురు చూసింది. విచారణ కిటికీ దగ్గరికి మూడుసార్లు పోయింది. మూడోసారి అక్కడి మనిషి, "వస్తదమ్మా, బస్సు రెక్కలు కట్టుకోని రాదు గదా," అన్నాడు. ఆమె ఫోన్ తీసి చూసింది. మహేశ్వర్ నిన్న సాయంత్రం నుంచి వాట్సాప్‌లోకి రాలేదు.

పెబ్బేరు దాటాక బస్సు హైవే ఎక్కి వేగం అందుకుంది. బీచుపల్లి వంతెన మీదికి రాగానే ఆడవాళ్లంతా ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టారు. కింద కృష్ణ నిండుగా ఉంది. మమత కూడా చేతులు జోడించింది, కానీ ఏం మొక్కుకోవాలో తోచేలోపు వంతెన అయిపోయింది. ఆ పిల్ల ఇప్పుడు ఏ గదిలో ఉందో, పక్కన ఎవరైనా ఉన్నారో లేదో అనుకుంటూ ఎర్రవల్లి చౌరస్తా దాకా కవర్ అంచును గోటితో గీకుతూనే ఉంది.

నడిగడ్డ నర్సింగ్ కాలేజీలో లైబ్రరీ అంటే ఒక పొడుగాటి హాలు. తలుపు దగ్గర జంగయ్య అనే అటెండర్ పేపరు చదువుతున్నాడు. యాభై దాటిన మనిషి.

"మహేశ్వర్ సార్ లేరా?"

"మూడు దినాలాయె మేడం, వస్తలేడు. లీవ్ గూడ రాసియ్యలే. ఫోన్ చేస్తే వస్త వస్త అంటడు. మీరెవరు?"

చెప్పింది. జంగయ్య లేచి కుర్చీ వేశాడు. "మీరేనా పుస్తకాల మేడం! సార్ మస్తు చెప్తుంటడు మీ గురించి."

మూడు దినాలు. మరి నిన్నటి ఫారం ఎవరు పంపారు? ఇంటి నుంచే పంపి ఉండాలి. మమత కూర్చోకుండా అడిగేసింది. అడగకూడదని తెలిసే అడిగింది. "అన్నా, నలభై ఒకటి నంబర్ కార్డు ఏ పిల్లదో నీకు ఎర్కనా?"

"నలభై ఒకటా?" జంగయ్య నవ్వాడు. "పిల్లలది కాదు మేడం. అది సార్‌దే."

ఆమెకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. ముఖం ఇచ్చి, హాస్టల్ గది ఇచ్చి, నాలుగు రోజులుగా తను కనిపెట్టుకుని ఉన్న పిల్ల ఎక్కడా లేదు. ఆ స్థానంలో ముప్పై ఎనిమిదేళ్ల మహేశ్వర్ వచ్చి నిలబడ్డాడు. మూడు దినాలుగా పనికి రాని మహేశ్వర్. ఫోనెత్తని మహేశ్వర్.

"ఇల్లేడ?" అంది. గొంతు పెద్దదయింది. "జల్దీ చెప్పు అన్నా."

జంగయ్య తన బండి మీదే తీసుకుపోయాడు. చేనేతవాళ్ల వాడలో సన్నటి సందు. తలుపులు తెరిచే ఉన్నాయి. లోపల్నుంచి మగ్గం చప్పుడు వస్తోంది, కానీ సాగినట్టు రావడం లేదు. రెండు దెబ్బలు పడి ఆగుతోంది. మళ్లీ ఒకటి. మళ్లీ ఆగుతోంది.

గుంత మగ్గంలో కూర్చున్నవాడు మహేశ్వర్. గడ్డం పెరిగి ఉంది. ముందర సగం నేసిన గద్వాల చీర, నూలు ఒంటికి పట్టు అంచు. పక్కన గోడకు ఆనుకుని అతని ముఖమే ఉన్న పెద్దాయన కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు కానీ చేతులు ఒళ్లో ఆగడం లేదు. వేళ్లు పియానో మీద పడ్డట్టు ఎగురుతున్నాయి, భుజం ఒక్కసారిగా పైకి లేస్తోంది, మెడ పక్కకు తిరిగి వస్తోంది. మమతను చూసి లేవబోయి తూలాడు. లోపల్నుంచి వచ్చిన ఒకామె అలవాటుగా అతని జబ్బ పట్టుకుంది.

"తాగిండనుకునేవు అక్కా," అంది ఆమె, ఎవరో ఏమిటో అడగకముందే. "చుక్క ముట్టలే. ఒళ్లు గట్లనే అయితుంది."

ఆమె పేరు పుష్పమ్మ. ఆ పెద్దాయన ఆమె భర్త లక్ష్మణ్, మహేశ్వర్‌కు అన్న.

మహేశ్వర్ పోగు నడిపే నాడె చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. అతని ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత ఇంకేదో.

"మేడం, మీరెందుకొచ్చిన్రు?"

"ఫోనెత్తకుంటే వచ్చిన. నలభై ఒకటి మీదేనంట గదా."

అతను గుంతలోంచి పైకి వచ్చి, ఆమెను పెరట్లోకి తీసుకుపోయాడు. అక్కడ దండెం మీద రంగు వేసిన పట్టు పోగులు ఆరుతున్నాయి. జంగయ్య సందులోనే ఆగిపోయాడు.

"నా కార్డు నంబర్ ఎట్ల తెల్సింది మీకు?"

"అడిగిన. తెల్సుకున్న."

"వనపర్తిల గంతసేపు చెప్తిరి. ఎవరు చదువుతున్నరో ఎవరికీ తెల్వొద్దని. నేను రాసుకున్న ఆ మాట. మీ మాట నమ్మే గదా ఆ ఫారాలు పంపింది." అతను ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఊర్ల ఒక్కరికి తెల్వదు మేడం ఆ జబ్బు పేరు. మా వదినకు గూడ తెల్వదు."

"తప్పే. నేను ఇంకెవరో పిల్ల అనుకోని వచ్చిన. మీరని జంగయ్య అన్న చెప్పేదాక తెల్వదు. తిట్టుండ్రి, పడ్త. తర్వాత తిట్టుండ్రి." మమత కవర్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది మీరడిగింది. తెచ్చిన. ఇప్పుడు నేనొకటి అడుగుత. చచ్చిపోవాలని అనిపిస్తుందా మీకు?"

అడిగేసి ఆమె బావి గట్టు మీద కూర్చుంది.

మహేశ్వర్ చాలాసేపు దండెం వైపు చూశాడు.

"ఆ కాగితం మా అన్న కోసం," అన్నాడు. "పోయిన ఆదివారం వదినతోని అన్నడంట. నేను పోతే మీకు పని తగ్గుతది, బిడ్డ పూజ సదువు ఆగదు అని. నవ్వుకుంట అన్నడంట. వదిన గూడ నవ్వింది. నాకు నవ్వు రాలే. ఎవరిని అడగాల్నో తెల్వలే. దవాఖానకు పోదామంటే రాడు, నాకేమైంది అంటడు. మనిషిని అడుగుదామంటే నోరొస్తలేదు. కాగితం అడగుడు సులువు గదా మేడం."

"మీ సంగతి అడిగిన నేను."

అతను చేతిలో కవర్‌ను రెండుగా మడిచాడు.

"ఒకట్రెండుసార్లు వచ్చింది ఆలోచన," అన్నాడు. "వచ్చిపోయింది."

తర్వాత అతనే మొదలుపెట్టి చెప్పాడు. వాళ్లమ్మకు నలభై నాలుగేళ్లప్పుడు ఒళ్లు ఆడటం మొదలైంది. జమ్ములమ్మ దేవత పూనిందన్నారు జనం. మంగళవారాలు ఇంటికి వచ్చి, కూతురి పెళ్లి ఎప్పుడవుతుంది, బోరులో నీళ్లు పడతాయా అని ఆమెనే అడిగేవాళ్లు. ఆమె ఏదో అనేది. కొన్ని నిజమయ్యేవి. ఆరేళ్లకు మింగుడు పడక, ముద్ద అడ్డం పడి పోయింది. అన్నకు కుట్టులో చెయ్యి తప్పడం రెండేళ్ల కింద మొదలైంది. కుట్టు అంటే పట్టు అంచునూ నూలు ఒంటినీ ఒక్కో పోగు పట్టి మెలేసే పని. గద్వాల చీరకు ప్రాణం అదే. వాడ మొత్తంలో లక్ష్మణ్ కుట్టు లాంటి కుట్టు లేదనేవాళ్లు. ఇప్పుడు పోగు పట్టబోతే వేళ్లు ఎటో పోతున్నాయి. తాగుతున్నాడని చీరలు నేయించే సేటు తిట్టాడు. పెళ్లివాళ్ల చీర, ఆదివారానికి ఇవ్వాలి.

"అందుకే మీరు కూసున్నరా మగ్గం మీద?"

"అందుకొకటి." తన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. "పదిహేనేళ్లయింది మేడం, నేను మగ్గం దిగి. మూడు దినాల సంది పోగులు పడ్తున్న. ఒక్క పోగు తప్పితే ఇగ మొదలైందనుకుంట. తప్పకుంటే ఇంకొకటి పడ్త. అలవాటు లేక తప్పుతున్ననో, అదే వచ్చి తప్పుతున్ననో నాకెట్ల తెల్వాలె? పొద్దుగాల్ల కూసుంటే లేవబుద్ధి అయితలేదు."

అతని చేతులు ఆమెకు మామూలుగానే కనిపించాయి. కానీ ఆ మాట అనడానికి తనెవరు? అనలేదు.

"ఒక డాక్టరమ్మ ఉన్నది," అంది. "ఆమెతోని మాట్లాడుండ్రి. ఇప్పుడే. నేను ఈడనే కూసుంట."

"ఇప్పుడొద్దు మేడం."

"ఇప్పుడే."

సరిత రెండో రింగుకే ఎత్తింది. మహేశ్వర్ ఫోన్ పట్టుకుని పెరటి గోడ దాకా పోయాడు. మొదట నిలబడి మాట్లాడాడు, తర్వాత గోడ మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. మమతకు మాటలు వినబడలేదు. పుష్పమ్మ రెండు గ్లాసుల చాయ్ తెచ్చి, ఒకటి ఆమెకిచ్చి, ఇంకొకటి పట్టుకుని మరిది వైపు చూస్తూ నిలబడింది.

"మా మర్ది ఏడుస్తుండా అక్కా?"

"ఏడుస్తుండు."

"మూడు దినాల సంది ఏడ్వలే. అన్నం తినలే," అంది పుష్పమ్మ. చాయ్ గ్లాసు బావి గట్టు మీద పెట్టి చెంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏం జబ్బు అక్కా అది? నాకు పేరన్న చెప్పుండ్రి. రాత్రి పూట కాళ్లు గోడకు తంతుంటడు. నేను పట్టుకోని పండుకుంట. పేరు తెల్వకుండ ఎన్ని దినాలు పట్టుకోవాలె?"

అది మమత చెప్పే మాట కాదు. గోడ దగ్గర మహేశ్వర్ లేచి వచ్చేదాకా ఆగింది. అతను వచ్చి, వదిన ముందు నిలబడి, తనే చెప్పాడు. పేరు చెప్పాడు. అమ్మకు వచ్చింది ఇదే అయి ఉంటుందని చెప్పాడు. పూజ సంగతి చెప్పలేదు, కానీ పుష్పమ్మ ముఖం చూస్తే ఆమె అక్కడిదాకా తనంతట తానే పోయినట్టు తెలిసింది. ఆమె లోపలికి పోయి, ఇంట్లో ప్రాణానికి ముప్పు తెచ్చేవి ఏమేం ఉన్నాయో ఏరి, ఒక సంచిలో వేసి జంగయ్యకు ఇచ్చింది. అన్నిటికన్నా ముందు ఆ పని చెయ్యమని డాక్టరమ్మ మహేశ్వర్‌కు చెప్పిందట.

ఫోన్ లక్ష్మణ్ చేతికి పోయింది. చేతిలో నిలవకపోతే తమ్ముడే చెవి దగ్గర పట్టుకున్నాడు. లక్ష్మణ్ చాలాసేపు ఊ కొట్టాడు. తర్వాత, "నాకు కోపమొస్తది మేడం, ఊకెనే. ఎందుకొస్తదో తెల్వదు. పిల్లను కొట్టిన పోయినేడు దసరప్పుడు," అన్నాడు. ఇంకాసేపు విని, "సోమవారం వస్త," అన్నాడు.

మమత సాయంత్రం బస్సెక్కేటప్పుడు మహేశ్వర్ బస్టాండు దాకా వచ్చాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "నాకింకా కోపమే ఉన్నది మేడం," అన్నాడు. "మీరొచ్చింది మంచిదే అయింది. కాని కోపమే ఉన్నది."

"ఉండనీయ్ సార్," అంది ఆమె.

సోమవారం ముగ్గురూ వచ్చారు. లక్ష్మణ్ ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు, గుండీలు పుష్పమ్మ పెట్టినట్టుంది. సరిత గంటన్నర మాట్లాడింది, ముందు లక్ష్మణ్ ఒక్కడితో, తర్వాత అందరితో కలిపి. మమత లైబ్రరీలోనే ఉండిపోయింది. ఏ పనీ ముందుకు పోక తలుపు దాకా పోతూ వస్తూ ఉంది. డాక్టరమ్మ తర్వాత ఆమెకు ఏమీ చెప్పలేదు, ఆమె అడగలేదు. హైదరాబాదులో నరాల డాక్టరుకు ఉత్తరం రాసిచ్చిందని మాత్రం మహేశ్వర్ చెప్పాడు. అక్కడ లక్ష్మణ్ రక్తం తీశారు. అదే జబ్బని నెల రోజులకు తేలింది.

మందులతో ఒళ్లు ఆడటం కొంత తగ్గింది. కోపం తగ్గింది, నిద్ర పడుతోంది. కుట్టు మాత్రం ఇక రాదు. ఆ పెళ్లిచీర ఆదివారానికి అందలేదు, సేటు వేరే మగ్గానికి ఇచ్చేశాడు. తర్వాత కార్తీకంలో మగ్గం మీద పుష్పమ్మ కూర్చుంది. ఇరవై ఏళ్లుగా పక్కన నూలు కండెలు చుట్టిన మనిషి, చూసి చూసి కుట్టు వచ్చేసిందంది. వచ్చేయలేదు, మొదటి చీర అంచు అక్కడక్కడా ముడతలు పడింది. లక్ష్మణ్ పక్కనే కూర్చుని, చేతులు తొడల కింద నొక్కిపెట్టుకుని, పోగు తప్పినప్పుడల్లా, "ఆ, ఆ, ఎన్కకు రా," అంటుంటాడట. ఇద్దరూ పోట్లాడుకుంటారట. ఆ మాట చెప్పేటప్పుడు మహేశ్వర్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కాలేజీకి మళ్లీ వెళ్తున్నాడు. రెండు నెలల పాటు అతని దగ్గర్నుంచి నాగర్‌కర్నూల్‌కు ఒక్క ఫారమూ రాలేదు. మమత రోజూ మెయిల్ తెరిచి చూసేది. తను చేసింది తన ఉద్యోగానికి తగని పని అని ఒక పూట అనిపించేది, చేయకపోతే ఏమయ్యేదో అని ఇంకో పూట అనిపించేది. ఆమె ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు తనే చెప్పింది. ఆయన విని, ఇంకోసారి ఇట్లాంటిది వస్తే ముందు డాక్టరమ్మ చేత మాట్లాడించమని, సొంతంగా బస్సెక్కవద్దని అన్నాడు. సరే అంది. మళ్లీ వస్తే ఎక్కకుండా ఉంటానో లేదో ఆమెకే తెలియదు.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం మహేశ్వరే ఫోన్ చేశాడు. లక్ష్మణ్‌ను చూపించడానికి మళ్లీ హైదరాబాదు పోతున్నారట. పరీక్షకు ముందు మాట్లాడే డాక్టరు ఒకామె ఉందట, ఆమె దగ్గర తను కూడా రెండుసార్లు కూర్చున్నాడట.

"మరి రక్తం ఇస్తరా సార్?"

"పొద్దున ఇయ్యాలె అనిపిస్తది. బస్సెక్కినంక వద్దనిపిస్తది," అన్నాడు. "పూజ అడిగింది మొన్న, బాబాయ్ నువ్వు చేయించుకుంటవా అని. ఇంకా తెల్వదు బిడ్డా అన్న. పద్దెనిమిది నిండేదాక దానికి చెయ్యరంట. నయమే."

అవతల బస్టాండు మైకులో ఏదో బస్సు పేరు చెబుతున్నారు. లక్ష్మణ్ గొంతు, పుష్పమ్మ గొంతు ఒకదాని మీద ఒకటి పడుతూ వినిపించాయి. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలని గొడవ.

"పోత మేడం," అన్నాడు మహేశ్వర్. "మా అన్న బస్సు కదలకముందే దిగుతనంటుండు. కిటికీ సీటు కావాలంట."